టీవీలో బల్లపరుపు, దిగి చూస్తే కొండ: గోల్ఫ్ కోర్స్ తెర మీద ఎందుకు మారిపోతుంది?

క్లుప్తంగా: గోల్ఫ్ కోర్స్‌లోని ఎత్తుపల్లాలను టీవీ చాలావరకు మింగేస్తుంది, పచ్చదనాన్ని మాత్రం ఉన్నదానికన్నా చిక్కగా చూపిస్తుంది. మొదటిదానికి కారణం దూరంగా ఎత్తున పెట్టిన కెమెరాలు, చదునైన తెర. రెండోదానికి కారణం గడ్డి మీద పెట్టే ఖర్చు, ప్రసారంలో రంగుల సర్దుబాటు, ఇంట్లో టీవీ సెట్టింగు. ఈ తేడా చూసేవాళ్ళ అంచనాలతోనే ఆగలేదు, కోర్సులకు పోసే నీళ్ళ దాకా వెళ్ళింది.

ఏటా ఏప్రిల్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అగస్టా నేషనల్ క్లబ్బులో మాస్టర్స్ టోర్నమెంట్ జరుగుతుంది. అక్కడ ఆదివారం సాయంత్రం 7 గంటలంటే మనకు సోమవారం తెల్లవారుజామున నాలుగున్నర, కాబట్టి మన దగ్గర దాన్ని లైవ్‌లో చూసేవాళ్ళు నిద్ర మానుకుని చూసే పిచ్చి ఉన్నవాళ్ళే. మిగతా మూడు పెద్ద టోర్నమెంట్లు ఏటా ఊరు మారతాయి, ఇది మాత్రం 1934 నుంచీ అదే స్థలంలో జరుగుతోంది, 1956 నుంచీ సీబీఎస్ ఛానల్ చూపిస్తోంది. అందుకే టీవీలో ఇన్నిసార్లు కనిపించిన గోల్ఫ్ కోర్స్ ఇంకొకటి ఉండకపోవచ్చు. ఏ హోల్ (అంటే కోర్స్‌లోని 18 ఆట దారుల్లో ఒకటి) తర్వాత ఏది వస్తుందో, ఏ చెట్టు ఎక్కడుందో నోటికి చెప్పగలిగే వీక్షకులు ఉన్నారు. అంత తెలిసినవాళ్ళు కూడా మొదటిసారి గేటు దాటి లోపలికి వెళ్ళాక అనే మాట దాదాపు ఒకటే: ఇది ఇంత కొండలా ఉంటుందనుకోలేదు.

దిగుడు ఎంత, ఎక్కుడు ఎంత

అగస్టాలో 10వ హోల్ పొడవు 495 గజాలు, సుమారు 453 మీటర్లు. ఆట మొదలుపెట్టే టీ నుంచి జెండా ఉండే గ్రీన్ వరకు నేల దాదాపు 100 అడుగులు కిందికి దిగుతుంది. పదంతస్తుల అపార్ట్‌మెంట్ డాబా మీద నిలబడి వీధి చివర ఉన్న కిరాణా కొట్టుకి గురిపెట్టడం లాంటిది. టీవీలో అది చెట్ల మధ్య నుంచి ఎడమకి తిరిగే అందమైన దారిలా కనిపిస్తుంది, అంతే. చివరిదైన 18వ హోల్ దీనికి తిరగేసిన రకం, 465 గజాల్లో సుమారు 70 అడుగులు పైకి ఎక్కాలి, అదీ నాలుగైదు గంటలు నడిచాక. ఆఖరి గ్రీన్ వైపు ఆటగాళ్ళు అంత నెమ్మదిగా నడిచొస్తుంటే చప్పట్లు అందుకోవడానికే అనిపిస్తుంది. కొంత భాగం ఆ ఎక్కుడుది కూడా.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇలాంటిది ఒకటి తెలుసు. లార్డ్స్ మైదానం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి సుమారు 2.5 మీటర్లు వాలి ఉంటుంది. బంతి ఆ వాలు మీద పడి లోపలికో బయటికో వెళ్ళిందని కామెంటేటర్ చెబితే విని తలూపుతాం గానీ, మన కంటికి ఆ గ్రౌండ్ ఉప్పల్ స్టేడియం ఎంత చదునుగా కనిపిస్తుందో అంతే చదునుగా కనిపిస్తుంది. 2.5 మీటర్లే మాయమైతే ఫరవాలేదు, అగస్టాలో మాయమయ్యేది 30 మీటర్లు.

ఈ కోర్స్‌ని గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి రూపొందించిన అలిస్టర్ మెకెంజీ సైన్యంలో శత్రువు కంటికి కనపడకుండా కందకాలు కప్పిపెట్టే విద్య మీద పని చేసిన మనిషి. కంటిని మోసం చేయడం ఆయనకి తెలిసిన పని. 10వ హోల్ మధ్యలో ఒక పెద్ద ఇసుక బంకర్ ఉంటుంది, ఆయన పేరుతోనే పిలుస్తారు. మొదట్లో గ్రీన్ దాని దగ్గరే ఉండేది, 1937లో గ్రీన్‌ని బాగా వెనక్కి, ఎత్తైన చోటుకి మార్చారు, బంకర్‌ని అలాగే వదిలేశారు. ఇప్పుడు టీవీలో దూరం నుంచి జూమ్ చేసి చూపిస్తే బంకర్ గ్రీన్‌కి ఆనుకునే ఉందనిపిస్తుంది, పక్కన నిలబడి చూస్తే రెంటి మధ్యా బోలెడంత నేల ఉంటుంది. అంటే మోసం పాపం అంతా కెమెరాదే కాదు, డిజైన్ చేసినవాళ్ళది కూడా కొంత ఉంది. మెకెంజీ మాత్రం 1934 జనవరిలోనే చనిపోయారు, ఇక్కడ జరిగిన మొదటి టోర్నమెంట్‌ని కూడా చూడలేదు.

వాలు ఎక్కడ పోతోంది

మళ్ళీ క్రికెట్‌తోనే చెప్పుకుంటే సులువు. టీవీలో బౌలర్, బ్యాట్స్‌మన్ దాదాపు ఒకే సైజులో కనిపిస్తారు, మధ్యలో 22 గజాలు ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు. కెమెరా బౌండరీ అవతల, స్టాండ్స్ ఎత్తులో ఎక్కడో ఉంటుంది. అంత దూరం నుంచి చూసినప్పుడు వాళ్ళిద్దరి మధ్య ఉన్న దూరం మొత్తం దూరంలో చిన్న వాటా అవుతుంది, అందుకే ముందున్నదీ వెనకున్నదీ ఒకదానికొకటి అంటుకుపోయినట్టు ఉంటాయి. లెన్స్ దృశ్యాన్ని నొక్కేస్తుందని చాలామంది అంటారు. సరిగ్గా చెప్పాలంటే నొక్కేది దూరం, జూమ్ చేసేది ఆ దూరపు దృశ్యాన్ని పెద్దది చేసి చూపించడమే. గోల్ఫ్‌లో కెమెరాలకీ బంతికీ మధ్య వందల మీటర్లు ఉంటాయి కాబట్టి ఇదే సంగతి ఇంకా పెద్ద మోతాదులో జరుగుతుంది.

రెండోది కెమెరా ఎత్తు. గ్రీన్ వెనక ఒక టవర్ కట్టి దాని మీద పెద్ద కెమెరా పెడతారు. దాని ముందు నేల ఒకవేళ నిజంగానే పైకి ఎక్కుతూ ఉన్నా, తెర మీద అది పైకి పరుచుకున్న పచ్చటి చాపలా కనిపిస్తుంది. ఇక్కడే చిక్కుంది. మనకి దూరంగా పోయేకొద్దీ పైకి లేచే నేలా, కొంచెం ఎత్తు నుంచి చూసిన చదును నేలా, రెండూ తెర మీద ఒకేలా ఉంటాయి. రెండు అర్థాలున్నప్పుడు మెదడు తేలికైనదాన్నే ఎంచుకుంటుంది, చదును అనుకుంటుంది. పైగా చుట్టూ ఎత్తైన పైన్ చెట్లు, వెనకాల జనం. అడ్డంగా ఒక గోడో ఇంటి కప్పో ఉంటే దాంతో పోల్చుకుని వాలు పట్టుకోవచ్చు. అలాంటి సరళరేఖలు ఆ ఫ్రేములో ఉండవు.

మూడోది వెలుతురు. తెర మీద వాలుకి మిగిలే గట్టి సాక్ష్యం నీడ. మిట్టమధ్యాహ్నం నీడలు కురచగా ఉంటాయి, మేఘం పట్టిందంటే అసలే ఉండవు, అప్పుడు గ్రీన్ మీది గుంతలూ మిట్టలూ అన్నీ ఒకటే రంగులో కలిసిపోతాయి. సాయంత్రం ఎండ పక్క నుంచి పడేటప్పుడు మాత్రం అవే గ్రీన్లు దుప్పటి మడతల్లా తేలతాయి. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ పొద్దున ఇస్త్రీ చేసిన మైదానంలా, పొద్దువాలే వేళకి బొడిపెలు బొడిపెలుగా కనిపించేది ఇందుకే. అక్కడ 14వ హోల్‌లో హెల్ బంకర్ అని ఒకటుంది, దాదాపు పది అడుగుల లోతు, అంటే మనిషి దిగితే తల కూడా కనపడదు. టీవీ హెలికాప్టర్ దాన్ని పై నుంచి చూపిస్తే పిల్లలాడుకునే ఇసుక గుంత అనుకుంటాం.

అన్నిటికన్నా పెద్ద తేడా మన శరీరం. నిజమైన చోట రెండు కళ్ళు, కదిలే తల, నొప్పి పుట్టే పిక్కలు కలిసి వాలుని కొలుస్తాయి, తెర ముందు కూర్చున్నప్పుడు ఇవేవీ పనిచేయవు. తిరుమల మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర ఫోటో తీసుకున్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ ఊపిరి ఆడదు, ఇంటికొచ్చి ఫోటో చూస్తే మామూలు మెట్లు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. టీవీ వాలుని తగ్గిస్తుందన్నది ఎంత నిజమో, కళ్ళారా చూసినప్పుడు మనం దాన్ని పెంచుకుంటామన్నదీ అంతే నిజం. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1995లో ప్రచురించిన ప్రయోగాల్లో, కేవలం 5 డిగ్రీల వాలున్న గుట్ట ముందు నిలబెట్టి అడిగితే జనం సగటున 20 డిగ్రీల దరిదాపుల్లో చెప్పారు. అగస్టా 10వ హోల్ సగటు వాలు లెక్కేస్తే నాలుగు డిగ్రీల లోపే వస్తుంది, మధ్యలో ఇంకా నిటారు అనుకోండి. అందుకని టీవీకి అలవాటుపడ్డ కంటికి అక్కడ కలిగే షాక్‌లో సగం కెమెరా దాచిపెట్టింది, సగం మనమే కలుపుకున్నది. రెండూ ఒకదాన్నుంచి ఒకటి వ్యతిరేక దిశల్లో లాగుతాయి, మధ్యలో ఉన్న అసలు కొండ ఎవరికీ కనపడదు.

గ్రీన్ మీద బంతి వంకర ఎందుకు పోతుంది

ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య ఉండే పొట్టి గడ్డి దారి) వాలు తెలియకపోయినా చూసేవాళ్ళకి పెద్ద నష్టం లేదు. గ్రీన్ వాలు తెలియకపోతే మాత్రం ఆటే అర్థం కాదు. నాలుగడుగుల దూరం నుంచి ప్రపంచ స్థాయి ఆటగాడు బంతిని గుంతలో వేయలేకపోతే సోఫాలో కూర్చున్నవాళ్ళకి నవ్వొస్తుంది, ఆ నాలుగడుగుల్లో నేల ఎటు ఒరిగిందో వాళ్ళకి కనపడదు కాబట్టి.

గ్రీన్ ఎంత జారుడుగా ఉందో కొలవడానికి స్టింప్‌మీటర్ అనే సాధనం ఉంది. చూడ్డానికి గాడి ఉన్న ఒక కడ్డీ, అంతకు మించి ఏమీ లేదు. దాని మీంచి బంతిని వదిలితే అది చదునైన చోట ఎన్ని అడుగులు దొర్లిందన్నదే గ్రీన్ వేగం. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు 1935 యూఎస్ ఓపెన్ చూశాక దీన్ని తయారు చేశారు, అమెరికా గోల్ఫ్ సంఘం నాలుగు దశాబ్దాల తర్వాత వాడకంలోకి తెచ్చింది. 1970ల్లో ఆ సంఘం అమెరికా అంతటా కొలిచినప్పుడు సగటు వేగం ఆరున్నర అడుగుల దగ్గర ఉంది. ఇప్పుడు పెద్ద టోర్నమెంట్లలో 11, 12, ఒక్కోసారి 13 కూడా దాటుతుంది. అగస్టా తన అంకెలు బయటపెట్టదు గానీ, అక్కడి గ్రీన్ల వాలు నిదానమైన గడ్డి కాలంలో గీసినది. 1981 టోర్నమెంట్ నాటికి గ్రీన్ల మీద బెర్ముడా గడ్డి తీసేసి సన్నటి బెంట్ గడ్డి వేశారు, దాన్ని మూడు మిల్లీమీటర్ల దరిదాపుల్లో కోస్తారు. పాత వాలు మీద కొత్త జారుడు. టీవీలో వాలు కనపడదు, జారుడు అసలే కనపడదు, బంతి మాత్రం దయ్యం పట్టినట్టు పక్కకి పోతుంది.

దీనికి బాగా గుర్తుండిపోయిన ఉదాహరణ 16వ హోల్. 2005లో టైగర్ వుడ్స్ గ్రీన్ బయట నుంచి కొట్టిన బంతి జెండాకి చాలా ఎడంగా పడి, ఆగి, ఆలోచించుకుని, వంపు తిరిగి వచ్చి గుంత అంచున ఒక క్షణం నిలబడి లోపల పడింది. 2023లో హైదరాబాద్ మూలాలున్న మన తీగల సాహిత్ ఆఖరి రోజున అదే హోల్‌లో అలాంటి షాటే కొట్టాడు, మొదటిసారి ఆడిన మాస్టర్స్‌లో 9వ స్థానాన్ని ఇంకొందరితో పంచుకున్నాడు. రెండు షాట్లూ తెర మీద మ్యాజిక్‌లా ఉంటాయి. ఆ గ్రీన్ ఎంత ఒరిగి ఉందో కళ్ళతో చూసినవాళ్ళకి అందులో వేగాన్ని లెక్కగట్టిన తీరు కనిపిస్తుంది, బంతిని అక్కడ పడేస్తే మిగతా పని వాలు చూసుకుంటుందని ఆటగాడికి ముందే తెలుసు.

ఆ పచ్చదనం ఎక్కడిది

వినాయక చవితికి మనం పూజలో పెట్టే గరిక, అమెరికా వాళ్ళు బెర్ముడా అనే గడ్డి, రెండూ ఒకే జాతి. కోర్సుల్లో వేసేవి దాని మేలు రకాలు, సంకరాలు. గరికకి ఎండంటే ఇష్టం, చలికి తట్టుకోలేక ఎండుగడ్డి రంగులోకి తిరిగి నిద్రపోతుంది. జార్జియాలో ఏప్రిల్ మొదట్లో దాని సహజమైన రంగు టీవీలో చూపించేంత గొప్పగా ఏమీ ఉండదు. అందుకని ఏటా శీతాకాలం ముందు దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు, ఏప్రిల్‌లో మనం చూసే పచ్చదనం చాలావరకు ఈ రై గడ్డిదే. ఎండలు ముదిరాక రై నిలబడదు, క్లబ్బు మే నెల దాటాక మూసేసి అక్టోబర్లో గానీ తెరవరు. అంటే టీవీలో కనిపించే అగస్టా ఏడాదిలో కొన్ని నెలలే అలా ఉంటుంది. 2020లో కోవిడ్ వల్ల మాస్టర్స్‌ని నవంబరుకి మార్చినప్పుడు అజేలియా పూలు లేవు, చెట్లు ఆకురాలు రంగుల్లో ఉన్నాయి, వానకి గ్రీన్లు మెత్తబడ్డాయి, డస్టిన్ జాన్సన్ 20 అండర్‌తో, అంటే నిర్ణయించిన షాట్ల కన్నా 20 తక్కువతో రికార్డు కొట్టాడు. అదే స్థలం, వేరే కోర్స్ అన్నట్టు.

గడ్డి కోసే దిక్కు కూడా లెక్కే. అక్కడ ఫెయిర్‌వేలన్నీ గ్రీన్ వైపు నుంచి టీ వైపుకి ఒకే దిశలో కోస్తారు, దాంతో గడ్డి ఆటగాడి వైపు వంగి ఉంటుంది. మనవైపు వంగిన గడ్డి ముదురుగా, అవతలికి వంగింది లేతగా కనిపిస్తుంది, క్రికెట్ అవుట్‌ఫీల్డ్‌లో చారలకి కారణం ఇదే. టీ వెనక కెమెరా నుంచి చూస్తే చారలేమీ లేకుండా ఒకటే ముదురు తివాచీ. గ్రీన్ల కింద గొట్టాలు వేసి గాలిని లాగే యంత్రాలున్నాయి, వాన పడినా తేమని కిందికి పీల్చేస్తాయి.

బంకర్లలో తెల్లగా మెరిసేది మామూలు ఇసుక కాదు. నార్త్ కరోలినాలోని స్ప్రూస్ పైన్ ప్రాంతపు గనుల్లో ఇంకో ఖనిజం తవ్వేటప్పుడు మిగిలే క్వార్ట్జ్ పొడి. కంప్యూటర్ చిప్‌ల కోసం సిలికాన్ కరిగించే పాత్రలకి కావలసిన శుద్ధమైన క్వార్ట్జ్ కూడా ఆ ప్రాంతం నుంచే ఎక్కువగా వస్తుంది, కాబట్టి ఆ బంకర్‌కీ చేతిలోని ఫోనుకీ దూరపు చుట్టరికం ఉన్నట్టే. అంత తెల్లటి మచ్చ పక్కన ఏ పచ్చదనమైనా ఇంకా పచ్చగానే కనిపిస్తుంది.

దీని మీద ప్రసారం తన వంతు కలుపుతుంది. డజన్ల కొద్దీ కెమెరాలు ఒక్కో రంగు చూపిస్తే బాగోదు కాబట్టి, వ్యాన్‌లో కూర్చున్న సాంకేతిక నిపుణులు అన్నిటి రంగూ వెలుగూ ఒకే తీరుకి సరిచేస్తారు. ఇది మోసం కాదు, ఏ లైవ్ ప్రసారానికైనా తప్పని పని, కాకపోతే చెట్టు నీడలో వాడిపోయిన చోటుకీ ఎండలో మెరిసే చోటుకీ మధ్య తేడా ఇందులో కొంత అరిగిపోతుంది. ఆఖరి మెట్టు మన ఇంట్లోనే ఉంది. షోరూములో కస్టమర్ కంట్లో పడేందుకు పెట్టిన వివిడ్ మోడ్‌ని మార్చకుండా అలాగే వాడే ఇళ్ళు కోకొల్లలు, అందులో ఏ గడ్డైనా ప్లాస్టిక్ గడ్డిలా వెలిగిపోతుంది.

రంగుకే కాదు, శబ్దానికీ మెరుగులు దిద్దిన సందర్భం ఉంది. 2000 ప్రాంతంలో సీబీఎస్ గోల్ఫ్ ప్రసారాల్లో వినిపించే పక్షుల కూతలు ఆ సీజన్‌లో ఆ ప్రాంతంలో ఉండని పక్షులవని పక్షుల్ని గమనించే అలవాటున్న వీక్షకులు పట్టుకున్నారు. రికార్డు చేసిన కూతలు కలిపామని ఛానల్ ఒప్పుకుంది. గడ్డి గురించి ఎన్ని అనుమానాలున్నా ఎవరూ పట్టుకోలేకపోయారు, పిట్ట దగ్గర దొరికిపోయారు.

టీవీ సరిదిద్దుకున్నవి

ఇప్పుడు పరిస్థితి పాతరోజులంత అధ్వానంగా లేదు. ఒకప్పుడు బంతి కొట్టగానే కెమెరా ఆకాశం వైపు తిరిగేది, తెల్లటి చుక్క ఒకటి కనిపించీ కనపడక పోయేది. ఇప్పుడు రాడార్, కెమెరాల లెక్కలతో బంతి దారిని రంగు గీతగా గీస్తున్నారు, అది ఎటు వంగిందో కొత్తవాళ్ళకీ తెలుస్తుంది. డ్రోన్ నేలకి దగ్గరగా ఎగురుతూ టీ నుంచి గ్రీన్ దాకా పోతే, స్థిరంగా ఉన్న కెమెరా చెప్పలేని వాలుని దాని కదలిక కొంతవరకు చెబుతుంది. గ్రీన్ మీద వాలు గీతలు, బాణాలు వేసే గ్రాఫిక్స్ కూడా వచ్చాయి. ఇవన్నీ వాలుని గురించి సమాచారం ఇస్తాయి. వాలు చూసిన అనుభూతి మాత్రం ఇవ్వవు, మ్యాపు చూస్తే కొండెక్కినట్టు కాదు కదా.

తెర నుంచి నేలకి

ఈ తేడా వల్ల వచ్చిన అసలు ప్రభావం వీక్షకుల ఆశ్చర్యం కాదు, కోర్సుల నిర్వహణ. అగస్టాలో గొప్పదనం ఆ కొండల్లో ఉంది, టీవీలో కనిపించింది రంగు ఒక్కటే. కొండని ఎవరూ కాపీ కొట్టలేరు, రంగుని కొట్టవచ్చు. దాంతో ఊరి క్లబ్బు సభ్యులు కూడా తమ కోర్స్ అలా ఎందుకు లేదని అడగడం మొదలుపెట్టారు, గడ్డి చూసుకునేవాళ్ళ మీద ఆ ఒత్తిడి పడింది. ఆ వృత్తిలో దీనికి అగస్టా సిండ్రోమ్ అని పేరు. ఎక్కువ నీళ్ళు, ఎక్కువ ఎరువు, ఎక్కువ మందు. నేల మెత్తబడి బంతి పడ్డచోటే ఆగిపోతుంది కాబట్టి ఆట కూడా మారుతుంది, ఎంత ఖర్చయినా ఆ రంగు కొన్నాళ్ళకి మించి నిలవదు. అగస్టా అయితే ఎండాకాలం తలుపులు మూసుకుంటుంది, ఏడాదంతా జనం ఆడే కోర్స్‌కి ఆ వెసులుబాటు లేదు.

బ్రిటన్ సముద్రతీరపు కోర్సుల్లో దీనికి తిరుగు ఉదాహరణ ఎప్పటినుంచో ఉంది. ఇసుక నేల, సన్నటి ఫెస్క్యూ గడ్డి, వాన పడకపోతే గోధుమ రంగు. 2006లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్ జరిగినప్పుడు నేల ఎంత ఎండి గట్టిపడిందంటే, గెలిచిన టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ అనే కర్ర తీసింది ఒక్కసారే, బంతి దానంతటదే దొర్లిపోతుంటే ఇంక పెద్ద కర్రతో పనేముంది. టీవీలో ఆ కోర్స్ ఎండిపోయిన చెరువులా ఉంది, గోల్ఫ్ ఆడేవాళ్ళ దృష్టిలో మాత్రం అది అద్భుతమైన స్థితి.

అమెరికాలో ఆ దారి పట్టిన పెద్ద కోర్స్ నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2. దాన్ని 2010, 2011లో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా పాత రూపానికి తెచ్చారు, ఎకరాల కొద్దీ పచ్చగడ్డి పీకేసి ఇసుక, తుప్పలు వదిలేశారు, నీళ్ళ వాడకం బాగా తగ్గింది. ఈ క్రెన్‌షా 1984లో, 1995లో అగస్టాలోనే మాస్టర్స్ గెలిచిన మనిషి. 2014లో అక్కడ పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్లు వరసగా రెండు వారాల్లో జరిగాయి. ఫెయిర్‌వేల అంచులు గోధుమ రంగులో కనిపించేసరికి టీవీ చూసేవాళ్ళలో చాలామందికి అది పాడుబడ్డ కోర్స్‌లా అనిపించింది. అమెరికా గోల్ఫ్ సంఘానికి అలా అనిపించలేదు, 2024లో యూఎస్ ఓపెన్‌ని మళ్ళీ అక్కడే పెట్టింది, 2029, 2035, 2041, 2047లకి కూడా ఆ కోర్స్‌నే ముందుగా ఖాయం చేసేసింది.